పెరటి గూటి గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసును. ఇందులో చెప్పుకోవడానికేముంది, మా ఇంట్లో అలాంటివి డజనున్నాయంటారు మీరు. ఉంటాయి, కాదనను. కానీ మీ గ్లాసులు వంటింట్లో ఉంటాయి. నేను వంటింటికి ఆనుకునే ఉండి, వంటింటి మొహం చూడకుండా ముప్ఫై ఏళ్లు పెరటి వసారా గూట్లో గడిపినదాన్ని. తోడబుట్టిన ఐదు గ్లాసులూ గోడకవతల గలగలమంటుంటే ఇవతల కూర్చుని విన్నదాన్ని.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో రేకును అచ్చులో పెట్టి నొక్కితే ఆరుగురం ఒక్కలాగే బయటికొచ్చాం. చీరాలలో గిన్నెల కొట్టుకి చేరాం. కూతురి పెళ్లికి సామాను కొనడానికి వచ్చిన ఒక తల్లి మమ్మల్ని ఎంచుకుంది. కొట్టు అరుగుమీద పేర్లు కొట్టే ఆయన తన మిషను పెట్టి టకటకా మా ఆరుగురి ఒంటిమీదా ‘తాయారు’ అని చెక్కాడు. నొప్పి సంగతి అలా ఉంచండి, ఎంత సంబరమనిపించిందో! మాకూ ఒక మనిషి ఉందన్నమాట అనుకున్నాను. వచ్చేపోయే చుట్టాలు, పొగలు కక్కే కాఫీలు, అరమీద వరసగా బోర్లించిన జీవితం, ఇవన్నీ ఊహించుకుంటూ అత్తారింటికి వచ్చాను.

అది సాలెవారి ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, దానిమీద తాయారు మొగుడు మస్తాన్రావు. పక్కన రాట్నం, దానిముందు కండెలు చుట్టడానికి అత్తగారు పిచ్చమ్మ. కొత్తకోడలు వచ్చిన మర్నాటి నుంచీ రాట్నం ఆమె చేతికొచ్చింది. పొద్దున పట్టుకుంటే పొద్దుగూకేదాకా తిరుగుతూనే ఉండేది.

ఆ నెలలోనే ఒకరోజు తాయారు తల వంచుకుని పెరట్లోకి వెళ్లి నిలబడింది. పిచ్చమ్మకు అర్థమైపోయింది. వంటింట్లోకి వెళ్లి మా ఆరుగురిలో చేతికందిన దాన్ని తీసింది. ఆ చేతికందినది నేనే. నేనే ఎందుకంటే, ఎందుకూ లేదు. ముందు వరసలో ఉన్నాను, అంతే.

“ఇది బయటికి. నూలూ మగ్గం ముట్టుకోమాక. మూడు రోజులు ఈడే కూకో,” అంది పిచ్చమ్మ, నన్నొక సత్తు కంచంతో కలిపి వసారా గూట్లో పెట్టి.

ఇక చూడండి నా వైభవం! కాఫీ పోయాలన్నా మంచినీళ్లు పోయాలన్నా నాకు తగలకుండా ఎత్తునుంచి పోసేవాళ్లు. నేనేదో కరిచేస్తానన్నట్టు. మూడు రోజులూ గడిచాక తాయారే నన్ను బూడిదతో తోమి గూట్లో బోర్లించి లోపలికి వెళ్లిపోయేది. మళ్లీ నెలకు గాని నా మొహం చూసే దిక్కుండేది కాదు.

కానీ ఆ మూడు రోజులూ తాయారు నాది. పొత్తికడుపు పట్టుకుని గోడకానుకుని, కండెలు చుట్టి చుట్టి కాయలు కాసిన వేళ్లతో నన్ను పట్టుకుని కూర్చునేది. మాట్లాడటానికి ఇంకెవరున్నారు గనక! తన పుట్టింటి సంగతులన్నీ నాకే చెప్పేది. నేను ఆమె కోసం ఎంత ఎదురుచూసేదాన్నో మీకు చెప్పలేను. చిక్కంతా అక్కడే ఉంది. తాయారు పిల్లల కోసం మొహం వాచిపోయి ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చిందంటే ఆ నెల కూడా లేనట్టే. నేను సంతోషించిన ప్రతిసారీ ఆమె ఏడ్చేది.

“మళ్లీ నీ మొహమే చూడాల్సొచ్చింది చూడు,” అనేది నాతో. నిష్ఠూరంగా కాదు, నీరసంగా. నాకు మాత్రం గుచ్చుకునేది.

ఏళ్లు గడిచాయి. పిచ్చమ్మకి పొద్దున్నే లేచి దేవుడికి దండం పెట్టుకోకముందే నా గూటివైపు చూడటం అలవాటైంది. నేను పొడిగా ఉంటే మొహం విప్పారేది. తడిగా ఉంటే ఆరోజు కూరలో ఉప్పెక్కువయ్యేది. ఆమెతో ఆగిందా? పిట్టగోడకవతల ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా నన్ను చూసే కోడలి సంగతి తెలుసుకునేవాళ్లు. ఒక ఆడమనిషి ఒంట్లో గుట్టంతా వీధికి చాటే పని నా నెత్తిన పడింది.

అలా ఉండగా ఒక నెల తాయారు రాలేదు. మరుసటి నెలా రాలేదు. నామీద దుమ్ము పేరుకుంది. పిల్లి ఏదో తన్నిందేమో, ఒకరోజు పక్కకు దొర్లాను. ఎవరూ సరిచెయ్యలేదు. ఒక సాలీడు నాలో కాపురం పెట్టింది. ఎవరూ తరమలేదు. పిచ్చమ్మ ఇక ఆగలేకపోయింది. పొద్దున్నే వీధిలో పడుగులు సాచి గంజి పెడుతున్న ఆడవాళ్ల మధ్య నిలబడి చాటేసింది.

“మా కోడలు నీళ్లోసుకుందమ్మా! గ్లాసు బూజు పట్టిపోయిందంటే నమ్మండి!”

సాక్ష్యం నేను. నన్ను అడిగిన పాపాన పోలేదు ఎవరూ. తాయారుకి లోపల అనుమానంగానే ఉంది. వాంతుల్లేవు, వికారం లేదు. ఒళ్లు బరువెక్కింది, గడ్డం కింద అక్కడక్కడా నల్లటి వెంట్రుకలొస్తున్నాయి, జుట్టేమో దువ్వెనకి ఊడొస్తోంది. అయినా నమ్మాలనిపించింది. అంత ఆశపడ్డ మనిషి నమ్మక ఏం చేస్తుంది?

పుట్టింటివాళ్లు చలిమిడి తెచ్చారు. ఇల్లంతా ఆడవాళ్లు. కొత్త చీర కట్టించి, గాజులు తొడిగి, చలిమిడి ఒడిలో పెట్టబోతుండగా తాయారు గబుక్కున లేచి పెరట్లోకి పరుగెత్తింది. కాసేపటికి వసారాలోకి వచ్చి నా ముందు నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. కొత్త గాజుల చేత్తో నన్ను అందుకుంది. సాలీడు ఉందని చూసి, దానికి దెబ్బ తగలకుండా మెల్లగా గోడమీదికి దింపింది. నన్ను కడిగి నీళ్లు ముంచుకుంది. తాగలేదు. అట్లాగే కూలబడింది.

లోపల మాటలన్నీ ఆగిపోయాయి. పిచ్చమ్మ గడపలోకొచ్చి చూసింది. “ఇంతమందిలో నా తల తీసేశావు గదే!” అని, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్లి భోరున ఏడ్చింది. తాయారు ఏడవలేదు. నన్ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు నాకింకా గుర్తుంది.

ఆ తరువాతే మస్తాన్రావు మగ్గం దిగి ఆమెను గుంటూరు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ స్కానింగు చేసి, ఒంట్లో హార్మోన్లు అదుపు తప్పాయని, అందుకే నెలలు అలా దాటిపోతున్నాయని చెప్పింది. ముందు నెలసరి దారిలో పడాలి, దానికి కొన్నాళ్లు ఈ మాత్రలు వెయ్యాలి, ఆ తరువాత పిల్లల కోసం వేరే మందు ఇస్తానంది. తాయారు కొండంత ధైర్యంతో తిరిగొచ్చింది. మాత్రల అట్ట చూసి పక్కింటి కోడలు ముక్కున వేలేసుకుంది.

“ఇదేందక్కా, ఇయ్యి పిల్లలు పుట్టకుండా నేను మింగేయి గదా!”

పిచ్చమ్మ శివాలెత్తిపోయింది. “పిల్లల్లేరో మొర్రో అని పోతే, పుట్టకుండా బిళ్లలిచ్చిద్దా ఆ మహాతల్లి? ఎవరికన్నా చెబితే నవ్విపోతారు!” అంటూ అట్ట తీసుకెళ్లి పొయ్యిలో పడేసింది. మందు ఒకటే అయినా పని వేరని తాయారు ఎన్ని విధాల చెప్పినా చెవిన పెట్టలేదు. మస్తాన్రావు తల్లి ముందు నీళ్లు నమిలాడు గాని, మర్నాడు నూలు తేవడానికి వెళ్లినవాడు మరో అట్ట కొని తెచ్చి పెళ్లాం చేతిలో పెట్టాడు.

మరి దాచేదెక్కడ? పిచ్చమ్మ చెయ్యి దూరని చోటు ఆ ఇంట్లో లేదు. బియ్యం డబ్బా, బట్టల పెట్టె, పోపుల గిన్నెలు, అన్నీ ఆమె రాజ్యమే. తాయారు ఇల్లంతా కలయజూసి చివరికి నావైపు చూసింది. ఆ చూపులో మొదటిసారి నవ్వు కనిపించింది నాకు. అట్ట మడిచి నాలో పెట్టి, నన్ను గూట్లో బోర్లించింది. నన్ను అంటుకునేవాళ్లెవరు? ఇన్నాళ్లూ నన్ను బాధపెట్టిన ఆ మైలే ఇప్పుడు ఆమె మందుకు కాపలా కాసింది.

అబ్బ, ఎలాంటి రోజులవి! దీపాలవేళ కాళ్లు కడుక్కునే వంకతో రోజూ నా దగ్గరికి వచ్చేది. ఒక మాత్ర తీసుకుని, నాలో నీళ్లు పోసుకుని మింగేది. కళ్లు తిరిగేవి కొన్నాళ్లు, రొమ్ములు సలిపేవి, ఊరికే ఏడుపొచ్చేది. “ఇదేం కర్మే, దీనికి ఇంత తిప్పలా!” అని నాతో అని, నవ్వుకుని వెళ్లేది. ఏడవడానికి కాక, ఆశతో నన్ను వెతుక్కుంటూ ఆమె రావడం అదే మొదలు. తరువాత ఆ మాత్రలు ఆగాయి, డాక్టరమ్మ చెప్పిన రెండో మందు మొదలైంది. కొన్ని నెలలు పోయాక మళ్లీ చాప తెచ్చుకుని వసారాలో కూర్చుంది. అయ్యో, మళ్లీనా అనుకున్నాను.

కానీ తాయారు కళ్లు తడిగా లేవు. మెరుస్తున్నాయి. నన్ను దగ్గరికి తీసుకుని, నీళ్లమీదికి వంగి గుసగుసలాడింది.

“నెల తప్పిందే. డాక్టరమ్మ కూడా చెప్పింది. ఈసారి ఎవురికీ చెప్పమాక. మొన్నటి నవ్వులాట నేనింకోసారి తట్టుకోలేను.”

చూశారా తెలివి! కడుపుతో ఉన్న మనిషి ప్రతినెలా వేళకు బయట చేరినట్టు వచ్చి కూర్చునేది. పిచ్చమ్మ మూతి ముడుచుకుని ఎత్తునుంచి కాఫీ పోసి వెళ్లేది. ఆ వాసనకు వికారం పుట్టి తాయారు దాన్ని గుట్టుచప్పుడు కాకుండా కరివేపాకు చెట్టుకి పోసేది. ఆ చెట్టు ఆ ఏడాది ఏపుగా పెరిగింది. మస్తాన్రావు ఏమీ ఎరగనట్టు వచ్చి గూట్లో నిమ్మకాయ పెట్టి పోయేవాడు. రాట్నం ముట్టుకోకూడదు గనక నడుముకి విశ్రాంతి కూడా దొరికింది. ఊళ్లోవాళ్ల కడుపులన్నీ లెక్కపెట్టే పిచ్చమ్మ ఇంట్లో కడుపు చూడలేకపోయింది.

ఒకరోజు చెంబుతో కాఫీ పోస్తూ పోస్తూ ఆగిపోయింది. తాయారు కాళ్లు చాపుకుని వెనక్కి వాలి ఉంది. చీర కుచ్చిళ్ల మీద గుండ్రంగా ఎత్తుగా కనబడింది. చెంబు పిచ్చమ్మ చేతిలోంచి జారి నామీద పడింది. నా నడుం దగ్గర ఈ సొట్ట అప్పటిదే. మైలా మడీ అన్నీ మరిచిపోయి ఆవిడ ఒక్క ఉదుటున వచ్చి కోడలి పొట్టమీద చెయ్యి వేసింది.

“ఓసి దొంగముండా! ఎన్నో నెలే?”

“ఐదు, అత్తయ్యా. ఎవురికీ చెప్పమాకండి.”

“నేనా? నేనెందుకు చెబుతానే! నా నోట్లోంచి మాటొస్తే చూడు,” అంది పిచ్చమ్మ, కళ్లు తుడుచుకుంటూ. మర్నాడు గంజి ఆరకముందే వీధంతా తెలిసింది. కానీ ఈసారి ఆ కబురు నిజమై నిలిచింది.

పాప పుట్టింది. హిమబిందు అని పేరు పెట్టారు. గోడకవతల ఆ పిల్ల ఏడుపు వింటూ, నవ్వు వింటూ ఎన్ని నెలలు ఒంటరిగా ఉన్నానో. తాయారు రాకూడదని మొక్కుకున్నదాన్నీ, రాలేదేమా అని బెంగపెట్టుకున్నదాన్నీ నేనే. నా మనసు నాకే అర్థమయ్యేది కాదు.

బిందు పెద్దమనిషైన రోజు, వయసుమళ్లిన పిచ్చమ్మ కర్ర పోటేసుకుంటూ నా గూటిదాకా వచ్చింది. తాయారు అడ్డం నిలబడింది. “అది నా గ్లాసు అత్తయ్యా. నా బిడ్డ లోపలి గ్లాసుతోనే తాగిద్ది,” అంది. గొంతు పెంచలేదు. పిచ్చమ్మ ఏమనుకుందో, వెనక్కి తిరిగింది. కొన్నాళ్లకు ఆవిడ కాలం చేసింది. తాయారుని బయట కూర్చోమనేవాళ్లు లేకపోయినా నడుం లాగినప్పుడు తనే వచ్చి నన్ను పట్టుకుని కాసేపు కూర్చునేది.

ఆ తరువాత మళ్లీ రాకపోకలు తప్పాయి. ఒక నెల వస్తే మూడు నెలలు లేదు. పాత రోజులు గుర్తొచ్చి అదిరిపడ్డాను. చివరికి పూర్తిగా ఆగిపోయింది. ఈసారి చలిమిడి ఎవరూ తేలేదు, వీధిలో ఎవరూ చాటలేదు. గోడకవతల ఆమె ఉన్నట్టుండి “అబ్బా, ఒళ్లంతా ఆవిర్లు!” అంటూ విసనకర్ర విసురుకోవడం వినిపించేది. ఇక నాతో ఆమెకేం పని? తెలుస్తూనే ఉంది. తెలిసినా ఎదురుచూడటం మానలేకపోయాను.

మొన్న బిందు వచ్చింది. పెళ్లయి గుంటూరులో ఉంటోంది, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలే. టిఫిను తిని పెరట్లోకి వచ్చి, గూట్లో బోర్లించి ఉన్న నన్ను నిలబెట్టి, చేతిలో ఉన్నదేదో నాలో పడేసి ఫోను వస్తే లోపలికి వెళ్లింది. ఒంటిమీద చల్లగా తగిలింది. ఆ తగలడం నాకు తెలుసు. మాత్రల అట్ట! రంగు మారిందేమో గాని, వరసగా పేర్చిన ఆ చిన్న చిన్న మాత్రలు నాకు తెలియనివా?

వసారా ఊడవడానికొచ్చిన తాయారు చీపురు పట్టుకునే ఆగిపోయింది. నాలోంచి అట్ట తీసి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

“అది నాదేనమ్మా,” అంది బిందు గడపలోంచి, కొంచెం బెదురుగా. “ఇప్పుడే పిల్లలు వద్దనుకున్నాం. రెండేళ్లాగి చూద్దామని.”

మనవడో మనవరాలో కావాలని తాయారు ఎంత తహతహలాడిపోతోందో గోడకివతలనుంచి నేను వింటూనే ఉన్నాను. పక్కింటివాళ్ల పసిబిడ్డను ఎత్తుకుని వదల్లేక వదిలే మనిషి. ఒక నలుసు కోసం తను పడిన పాట్లన్నీ ఆ అట్టలోనే కనబడి ఉంటాయి. పొయ్యి ఎంతో దూరం లేదు. పిచ్చమ్మ చేసిన పని చెయ్యడానికి చెయ్యి చాపితే చాలు.

తాయారు నన్ను తీసుకుని బాగా తోమింది. కడవలోంచి మంచినీళ్లు ముంచింది. కూతురి దగ్గరికి వచ్చి, ఎత్తునుంచి కాదు, చేతికి చెయ్యి తగిలేలా నన్ను అందించింది.

“ఇయ్యాల్టిది ఏసుకున్నావా?”

“లేదమ్మా.”

“ఏసుకో. పరగడుపున మాత్రం మింగమాక, వికారం పెట్టిద్ది. నాకు తెలుసు.” అట్ట కూతురి చేతిలో పెట్టి, గొంతు తగ్గించింది. “నీకు కావాలనిపించిన రోజు నాకు ముందు చెప్పు. ఎవురికీ చెప్పనులే.”

బిందు అమ్మ మొహంలోకి చూస్తూ మాత్ర మింగింది. నా బతుకులో మొదటిసారి తాయారువి కాని పెదవులు నన్ను తాకాయి. తరువాత ఆ పిల్ల నన్ను కడిగి, ఆలోచించకుండా వంటింట్లోకి పట్టుకుపోయి అరమీద బోర్లించింది.

ఇదిగో, ఇప్పుడు వంటింట్లో ఉన్నాను. మా ఆరుగురిలో ఇంకా ఇద్దరున్నారు. వాళ్లు నునుపుగా ఉన్నారు, నాకొక్కదానికే సొట్ట. చుట్టాలొస్తే వేడి వేడి కాఫీ నాలోనూ పోస్తున్నారు. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఇదే. అయినా మనసు పెరటివైపే లాగుతోంది, ఏం చెయ్యను!

కానీ సాయంత్రాలు ఆవిర్లు తన్నుకొచ్చినప్పుడు తాయారు అర దగ్గరికి వస్తుంది. దీపం వెయ్యదు. మిగతా గ్లాసుల్ని పక్కకు జరిపి, వేళ్లతో సొట్ట తడిమి నన్నే తీసుకుంటుంది. నీళ్లు ముంచుకుని వసారాలోకి వెళ్లి, గోడకానుకుని కూర్చుంటుంది. ఆమెను బయటికి పొమ్మన్నవాళ్లెవరూ లేరు.

“బిందు ఇయ్యాల ఫోను చేసింది,” అని మొదలుపెడుతుంది నాతో.