నాలుగో గడియారం కింద

హోటల్ ముందు హాల్లో ఐదు ఊళ్ల టైములు చూపించే ఐదు గడియారాలున్నాయి. ఏ గడియారం కింద కూర్చుంటే అక్కడ ఆ ఊరి వేళే. లాండ్రీ ఆవిడ దుప్పట్లు తెచ్చి మధ్యాహ్నపు గడియారం కింద ఆరేస్తుంది. వంటాయనకి కునుకు కావాలంటే చీకటి గడియారం కింది కుర్చీ ఉండనే ఉంది.

వాటిని చూసుకునే ఆవిణ్ణి అందరూ గడియారాల పిన్ని అంటారు. మధ్యలోది అన్నిటికీ పెద్దన్న. దాని టైముకి కొన్ని గంటలు కలిపితే ఒక ఊరు, తీసేస్తే ఇంకో ఊరు. ఓస్, ఇంతేనా అనుకుంటాం గానీ, కొన్ని ఊళ్లవాళ్లు వేసవి వస్తోందంటే చాలు, గడియారాలు గంట ముందుకు తిప్పేసుకుంటారు. ఆ తేదీలతోనే పిన్నికి తల ప్రాణం తోకకొస్తుంది.

నాలుగోది ఆమె చెల్లెలుండే ఊరిది. అమ్మ పోయినప్పుడు ఆవిడ ఎర్ర చీర ఎవరికన్న దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఆ గడియారాన్ని మాత్రం పిన్ని రోజూ రెండుసార్లు తుడుస్తుంది.

ఆ రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "చిన్నక్కకి ఇవాళ ఆపరేషన్. అక్కడి టైము ఎనిమిదింటికి. నీకు చెప్పొద్దంది."

పిన్నికి వెంటనే పాత సంగతి గుర్తొచ్చింది. పాలు తాగే వయసులో పెన్సిలిన్ ఇంజెక్షన్ పడక చెల్లెలు చచ్చి బతికింది. ఆ సంగతి దానికేం గుర్తుంటుంది? చెప్పడానికి అమ్మ లేదు.

నాలుగో గడియారంలో ఏడైంది. ఇంకా గంటుంది కదాని కౌంటర్ దగ్గర్నుంచి ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారండీ, ఎనిమిదైందిగా," అంది నర్సు.

"ఏడేగా తల్లీ!"

"రాత్రే గంట ముందుకు తిప్పాం కదండీ."

అయ్యో, తిప్పడం మర్చిపోయింది! తనని తాను తిట్టుకుంటూ స్టూలెక్కి ముల్లు మీద వేలు పెట్టింది. పెట్టి, ఆగింది. గబగబా దిగి ఆ గడియారం కిందే కూర్చుంది. అక్కడ ఇంకా ఏడే. చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఎవరూ?"

"నేనేనే. నీకు పెన్సిలిన్ పడదు. చిన్నప్పుడు చావు తప్పింది. ముందెళ్లి డాక్టర్‌కి చెప్పు."

"ఇన్నేళ్లకి ఫోన్ చేసి మొదటి మాట ఇదా అక్కా?" నవ్విందో ఏడ్చిందో తెలీలేదు. "ఉండు, చెప్పొస్తా. పెట్టేయకు."

చెప్పొచ్చింది. ఆ తర్వాత పిన్ని కళ్లు తుడుచుకుంటూ తిట్టింది, చెల్లెలు తిట్టించుకుంది.

మేనేజర్ వచ్చాడు. "పిన్నీ, నాలుగోది గంట వెనకుంది."

"తెలుసు బాబూ. కాస్త ఆగు."

ఆయన సరేనని స్టూలు పక్కకి జరిపి వెళ్లాడు.

గడియారంలో ఎనిమిదైంది. "తీసుకెళ్తున్నారే అక్కా. ఆ ఎర్ర చీర సంగతి..." అంటుండగానే ఫోన్ కట్టయింది.

పిన్ని స్టూలెక్కి ముల్లు గంట ముందుకు తిప్పింది. కిందికి దిగేలోపే ఫోన్ మోగింది.

"ఆపరేషన్ అయిందండీ, బాగానే ఉన్నారు," అంది నర్సు. "కళ్లు తెరవగానే ఎర్ర చీర మిమ్మల్నే ఉంచుకోమన్నారు."