చౌరస్తాలో నడక

నర్సింగానికి రామగిరి ఖిల్లా మెట్లు ఎక్కడం సులువు. సొంత క్వార్టర్ గడప దగ్గరికి నడవడమే కష్టం.

ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో, భూమిలోపల పనిచేసిన మనిషి. చెయ్యి వణకడం మొదలై, పార్కిన్సన్స్ అని తేలాక మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది. అన్‌ఫిట్ అయినవాళ్ల వారసులకు పని ఇవ్వాలన్న కంపెనీ రూలుతో ఆ నౌకరి కొడుకు భూపాల్‌కు వచ్చింది. చదునుగా ఉన్నచోట నర్సింగం పాదాలు ఉన్నట్టుండి నేలకు అతుక్కుపోతాయి. ఎదురుగా మెట్టు కనిపిస్తే మాత్రం కాలు దానంతటదే లేస్తుంది. ఈ జబ్బు గుణమే అంత, మందు ఎంత అవసరమో నడకా అంతే అవసరం అని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు ఆటోలో ఖిల్లా కిందికి పోయి, ఎక్కి, పైన కాసేపు కూర్చొని దిగేవాడు. భార్య పోయాక ఆయనకంటూ మిగిలిన తోవ అదొక్కటే.

ఒకరోజు సగం గుట్టలో కొమురెల్లి ఎదురయ్యాడు. చుట్టాలకు ఖిల్లా చూపించడానికి వచ్చాడు. ఇద్దరూ ఒకే బాయిలో ఇరవై ఏళ్లు చేశారు. నడుమునొప్పితో కొమురెల్లి రెండుసార్లు బోర్డుకు పోతే రెండుసార్లూ ఫిట్ అని తిప్పి పంపారు. రిటైరయ్యాడు, కొడుకు ఖాళీగానే ఉన్నాడు.

"ఏం బావ, బోర్డు ముంగట గజగజ, గుట్ట మీద చకచకనా?" అంటూ ఫోన్ ఎత్తి వీడియో తీశాడు.

"మెట్లుంటే నడుస్తది బావ. సాఫ్ జాగల్నే కాళ్లు రావు."

"గీ ముచ్చట ముందే చెప్పకపోతివి. నేను గూడ గట్లనే వణుకుదును!"

సాయంత్రానికి ఆ వీడియో కాలనీ గ్రూపులో తిరిగింది. కింద వరసగా నవ్వు బొమ్మలు.

భూపాల్ డ్యూటీ నుంచి వచ్చి, ముఖం కూడా కడగకుండా తండ్రి ముందు కూర్చున్నాడు.

"బాపు, ఎవడన్న పిటిషన్ పెడితే మల్ల బోర్డుకు పిలుస్తరు. నా నౌకరి ఇంకా పక్కా కాలే."

"డాక్టరే నడువుమన్నడు కదరా."

"నడువు, ఎవలొద్దన్నరు? గుట్టకు పోకు. పొద్దుగాల చౌరస్తల నడువు, నలుగురు చూసేకాడ." తలెత్తకుండా అన్నాడు, "ఆగిపోయినా ఏం గాదు. ఆగనీ."

ఎంత వెతికినా కొడుకు మాటలో తప్పు దొరకలేదు నర్సింగానికి.

మర్నాటి నుంచి చౌరస్తాలో, చాయ్ హోటల్ ముందు తారురోడ్డు మీద నడిచాడు. ఇరవై అడుగులకోసారి పాదాలు బిగుసుకునేవి. ఒళ్లు ముందుకు వంగేది, కాళ్లు వెనకే ఉండిపోయేవి. బెంచీ మీదివాళ్లు చూసి, "అయ్యో, నిజమే పాపం," అనుకునేవారు. ఆ మాట కొడుకుకు పనికొస్తుంది. రోడ్డు మీద ఏ గీతో వెతుక్కుని దాన్ని దాటాలనుకుంటే కాలు వస్తుందని ఆయనకు తెలుసు. వెతికేవాడు కాదు. ఉన్న జబ్బే, కానీ దాన్ని చూపించడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

పదోరోజు కొమురెల్లి చాయ్ గ్లాసు కిందపెట్టి లేచి వచ్చాడు. నర్సింగం పాదాల వైపు చూశాడు. వేళ్లు చెప్పుల్లోంచి తారును పట్టుకున్నట్టు వంకరపోయి ఉన్నాయి.

"బావ, నేను పరాచికానికి తీసిన. గ్రూపుల తీసేసిన గూడ."

"ఎర్కనే."

"మెట్టుంటే కాలొస్తదంటివి గద." కొమురెల్లి తన కాలిని ఆయన పాదాల ముందు అడ్డంగా పెట్టాడు. "ఇగో, గిదే మెట్టనుకో. దాటు."

నర్సింగం ఆ కాలిని చూశాడు. పదిరోజుల్లో మొదటిసారి మోకాలు తేలికగా లేవబోయింది. బెంచీ మీద మాటలు ఆగాయి. ఎవరో ఫోన్ పైకెత్తారు.

మోకాలిని చేత్తో అదిమిపట్టాడు.

"తియ్యి బావ," అన్నాడు మెల్లగా. "జనం చూస్తున్నరు. కాలు తియ్యి."

కొమురెల్లికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కాలు వెనక్కి తీసుకున్నాడు. పక్కన నిలబడబోతే, అదీ వద్దని నర్సింగం తల ఊపాడు. చేసేదేమీ లేక కొమురెల్లి పోయి బెంచీ మీద కూర్చున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. ఎండ ఎక్కేదాకా నర్సింగం అక్కడే, ఒక్కడే నిలబడి ఉన్నాడు.