కేదారగిరి వారి తుపాకుల బీమా

కార్తికమాసమున కృష్ణపక్షము ప్రవేశించెను. ప్రాక్సముద్రగర్భసంజాతమైన తుపాను ధాటికి దినకరబింబము మేఘపటలాంతర్హితమై మధ్యాహ్నమునకును సాయంకాలమునకును భేదము తెలియకుండెను. కోతకు వచ్చిన వరిచేలు కంకుల బరువున నేలవ్రాలి బురదలో శయనించెను. నాగావళీనది యెఱ్ఱని జలములతో గట్టులనొరయుచు ప్రవహింప కేదారగిరి దుర్గమునందలి పావురములు సయితము చూరు విడిచి వెలికి రాకుండెను. అట్టి దుర్దినమున బుద్ధిగలవాడెవ్వడును గడప దాటడు.

కాని ఆ మిట్టమధ్యాహ్నపు చీకటిలో కోటవెనుక రేవునుండి ఒక నాటుపడవ బయలుదేరెను. అందున్నవారిరువురు. ఒకరు కేదారగిరి సంస్థానమునకు కడపటి ప్రభువును జమీందారీల రద్దుతో పేరునకు మాత్రమే రాజును అయిన విశ్వంభర దేవుగారు. రెండవవాడు ఆ వంశమువారి ఆయుధశాలకు తాతల నాటినుండి కావలియున్న కుటుంబమువాడు గైరయ్య. వారి నడుమ మైనపుగుడ్డలలో చుట్టబడిన పొడవాటి మూటలు శవములవలె పడియుండెను. పితామహులు పెద్దపులిని నేలగూల్చిన జోడుగొట్టముల తుపాకియు తండ్రిగారు మిక్కిలి ముచ్చటపడి తెప్పించిన వెండిపూవుల చెక్కడపు తుపాకియు దంతపుపిడి పిస్తోలును సర్వమును అందే కలవు. నది అంచున లోతుగానుండు గుఱ్ఱపుమడుగు చేరినంతట గైరయ్య ఒక్కొక్క మూటను ఎత్తి చంటిబిడ్డకు నీళ్లుపోయు తల్లి జాగ్రత్తతో నీటిలోనికి జారవిడిచెను. ప్రతి దసరాకును నూనెపట్టించి కుంకుమదిద్దిన చేతులవి. వాని కన్నీరు వాననీటిలో కలిసిపోవుటచే ప్రభువుగారికి కానరాలేదు. చూచినను వారేమి చేయుదురు?

ఇంతకు ఈ ఘనకార్యమునకు హేతువేమనగా చెప్పెదము. పరిమితికి మించిన తుపాకులనెల్ల దొరతనమువారు ఠాణాలో అప్పగింపజేసికొందురని ఆ యేట ఒక వదంతి పుట్టెను. విశ్వంభర దేవుగారు సత్యాసత్యములు విచారింపక కుపితులైరి. తాతలు చేపట్టిన ఆయుధములను ఒక హెడ్డుకానిస్టేబులు మూలకు పారవైచుటయా! అంతకన్న గంగపాలు చేయుట మేలని తలంచిరి. ఊరక గంగపాలు చేయనేల యని పిదప తలంచిరి. వెంటనే ఒక బీమా కంపెనీవారిని రప్పించి చౌర్యనష్టములకు ఆ తుపాకులను భారీమొత్తమునకు బీమా చేయించిరి. వేసవిలో మడుగు ఇంకినపుడు తుపాకులు తమకే చేరును. ఈలోపల సొమ్మును చేరును. బహుచక్కని యోచన! తానొకటి తలచిన దైవమొకటి తలచునను మాట వారు వినియుండకపోలేదు. అది ఇతరుల కొఱకని యెంచిరి.

మఱునాడు ఆయుధశాలలో దొంగలు పడిరని డిండిమము మ్రోగెను. నాలుగునాళ్లకు వరద తీసిన పిమ్మట బీమా కంపెనీ పక్షమున విచారణాధికారి సోమయాజులుగారు సబిన్‌స్పెక్టరును వెంటబెట్టుకొని వచ్చిరి. వారు తలుపును చూచిరి తాళమును చూచిరి కిటికీ ఊచలను కదలించి చూచిరి. ఎచ్చటను గాటు లేదు.

"ఈ గడపకు అడ్డముగా పండుకొను వాడెవడు?" అని సోమయాజులుగారు ప్రశ్నించిరి.

"నానే బాబూ" అని గైరయ్య ముందునకు వచ్చెను.

"ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడని పెద్దలు ఊరకనే అనలేదు గదా!" అని సోమయాజులుగారు సబిన్‌స్పెక్టరు వంక చూచి చిఱునవ్వు నవ్విరి.

ఆ నవ్వు విశ్వంభర దేవుగారి గుండెలో గుచ్చుకొనెను. సేవకునిపై అనుమానము నిలిచినచో దాని వెనుక తమ నీడయు బయటపడునని వారికి భయము కలిగెను. భయపడినవాడు ఊరకుండిన ఎంత బాగుండును! వారు ఊరకుండలేదు. ఆ సంస్థానమున ఒక ప్రాచీనాచారము కలదు. దొంగతనము మోపబడినవాడు గ్రామదేవత గైరమ్మ యెదుట వెలుగుచున్న దీపమును అరచేత నార్పి నేనెఱుగనని ప్రమాణము చేసెనేని వానిపై అభియోగము అంతటితో సమసిపోవును. పగవాడు సయితము మాఱుపలుకడు. అసత్యమాడినవాని వంశము ఆ దీపమువలెనే ఆఱిపోవునని అందఱికిని దృఢవిశ్వాసము. జమీ ఉన్ననాళ్లు ఇట్టి ప్రమాణములు ఎన్నింటినో దేవుగారే దగ్గఱనుండి చేయించిరి. పట్టణమున చదివిన వారగుటచే వానిని ఒక్కనాడును నమ్మలేదు. తాము నమ్మనిదానిని తమ యుప్పు తినువాడు మాత్రము నమ్మునాయని భ్రమపడిరి.

"దీపప్రమాణము చేయింతుము. అంతటితో మీకు సమ్మతమేనా?" అని వారడిగిరి.

సోమయాజులుగారు ఆ ప్రాంతమువారే. వారి మొగమునందలి నవ్వు మాయమయ్యెను. "దీపమార్పినచో నేను మఱి మాటాడను. నష్టపరిహారమునకు నేడే సిఫారసు వ్రాసెదను" అని పలికిరి.

గుడికి పోవు త్రోవలో గైరయ్య ప్రభువు ప్రక్కకు చేరి మెల్లగా ఇట్లనెను. "బాబూ, ఈ ఒక్క పనీ సెప్పకండి. ఠాణాలో ఏటి సెప్పమంటే అది సెప్తాను. ఏలు ముద్ర ఎయ్యమంటే ఏస్తాను. ఆ తల్లి ముందర దీపం మాత్రం ఆర్పలేను. పిల్లా పాపా ఉన్నోన్ని."

"పిచ్చివాడా! నూనెయు వత్తియు నీ బిడ్డనేమి చేయును? చేయి అడ్డము పెట్టుము. క్షణములో ముగిసిపోవును."

"బాబూ..."

"మా మానము నీ చేతిలో నున్నది గైరయ్యా."

గైరయ్య తలవంచి స్నానమునకు రేవువైపు నడచెను.

వాన వెలిసిన గుడిముంగిట ఊరివారందఱును గుమిగూడిరి. వారిలో గైరయ్య యొక్క ఏకైకపుత్రిక సింహాచలమ్మయు కలదు. పూజారి దీపము వెలిగించి దేవి పాదములకడ నుంచెను. గైరయ్య స్నానముచేసి తడిబట్టలతో వచ్చి దీపమునెదుట నిలిచెను. చేయి చాచెను. ఆ చేయి దీపముపై గాలిలో నిలిచిపోయెను. ఆర్పినచో అసత్యము. ఆర్పకున్నచో ప్రభువునకు అపకీర్తి. గైరయ్య చేయి వెనుకకు తీసికొని జనమువైపు తిరిగి ఇట్లు పలికెను.

"దీపం ఒద్దు. ఆటిని నానే అట్టుకెల్లి అమ్మేసినాను. ఎవులికి అమ్మినానో ఊరూ పేరూ ఎరగను."

హా! ఎంతటి సమాధానము కనుగొనెను! దేవత యెదుట ప్రమాణము చేయలేదు గనుక వంశము నిలిచెను. ప్రభువు పేరెత్తలేదు గనుక ఉప్పునకు ద్రోహము లేదు. నడుమ నలిగినవాడు తానొక్కడే. సింహాచలమ్మ కెవ్వున నఱచి నేలకూలెను. సబిన్‌స్పెక్టరు గైరయ్య చేతులకు సంకెలలు తగిలించెను. వాడు ప్రభువుగారి యెదుటకు రాగానే వంగి నమస్కరించి "సలిగాలి తగలనియ్యకండి బాబూ, మీకు ఆయాసం" అనెను.

విశ్వంభర దేవుగారికి నిజము నాలుక చివఱకు వచ్చెను. వచ్చి ఆగెను. సొమ్ము చేతికందనిమ్ము. పెద్ద వకీలును పెట్టి విడిపింతునని మనస్సునకు నచ్చజెప్పుకొనిరి. మనస్సున కేమి? నచ్చజెప్పువాడుండవలెనే గాని అది దేనికైనను ఒప్పుకొనును.

గైరయ్యకు శిక్షపడి సంక్రాంతి వెళ్లిన పిమ్మట సోమయాజులుగారు మఱల వచ్చి మిక్కిలి విచారముతో విన్నవించిరి. "అయ్యా, సేవకులు చేసిన చౌర్యమునకు కంపెనీ బాధ్యత వహింపదు. ఆనాడు సంతకమునకు ముందే మావారు ఈ షరతు తమకు చదివి వినిపించిరి. తాము తల యూచితిరి."

ఔను. తల యూచిరి. కేదారగిరిలో సేవకుడు దొంగిలించుట యనునది కలలోనైన జరుగనిదని తలంచి నవ్వుచు తల యూచిరి. సేవకుని యెడల వారికిగల ఆ గొప్ప నమ్మకమే నేడు వారిని ముంచెను.

ఆనాటి రాత్రి వారికి నిద్రపట్టలేదు. తెల్లవారగానే కాలినడకన ఠాణాకు పోయి సర్వమును ఒప్పుకొనిరి. లాభము పోయిన పిదప సత్యము చెప్పుట కొంత సులభమే యనుకొందురేమో. సులభము కాదు. సబిన్‌స్పెక్టరు లేచి నిలువబడి చేతులు జోడించి వినెను. మర్యాద కొఱకు గుఱ్ఱపుమడుగున జాలరులను దింపించెను. తుపాను వరద మడుగును ఇసుకతో పూడ్చివైచెను. జాలరులకు లభించినది ఒక పాత వల మాత్రమే.

"మహాప్రభూ, ఇది కలియుగము కాదేమోయని నాకు తోచుచున్నది. నౌకరు కొఱకు ఇంతటి నింద తలకెత్తుకొనువారెవ్వరు? తమరు ఇంటికి దయచేయుడు. వాని శిక్ష వాడు అనుభవింపవలసినదే" అని సబిన్‌స్పెక్టరు పలికెను. దేవుగారు గైరయ్యనే అడిగించుడని ప్రాధేయపడిరి. కారాగృహమున గైరయ్యను అడిగించిరి. "మా బాబు దేవుడు. నన్ను తప్పించాలని అలాగంటన్నారు" అని వాడు బదులుచెప్పి పంపెను.

అది మొదలు వారు వీథిలో నడచినచో జనులు లేచి నిలువబడి నమస్కరింపసాగిరి. జమీ ఉన్ననాడు భయముతో వంగిన తలలు ఇప్పుడు భక్తితో వంగెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనినవారిని చూచితిమి గాని ఆ కాలిన చేతులకే పూజలందుకొనినవారిని మాత్రము మేము మఱియొకరిని చూడలేదు.

ఫాల్గునమున ఒక ప్రాతఃకాలమున సింహాచలమ్మ కోటకు వచ్చి వారి పాదములపై బడెను. తండ్రి చేసిన పనికి ఇరుగుపొరుగు దెప్పుచుండ ఆమె చిక్కి సగమయ్యెను.

"మా అయ్య దొంగ బుద్ధికి మిమ్మల్ని బాదపెట్టినాడు బాబూ. ఆ పాపం మాకొద్దు. చెమించినానని ఒక్క మాట సెప్పండి."

"అమ్మా, నీ తండ్రి దొంగ కాడు. నేను దొంగను. ఇద్దఱమును కలిసి మడుగులో వైచితిమి" అని వారు పలికిరి.

ఆమె చెవులు మూసికొనెను. "ఆ మాట అనకండి బాబూ! మీలాంటి దరమపెబువు నోటంట ఆ మాట ఇంటే మా వొంశానికి నిలవ ఉండదు. చెమించినానని సెప్పండి. సెప్పేదాకా కాళ్లు ఒగ్గను."

ఎంత చెప్పినను ఆమె వినలేదు. ప్రొద్దెక్కెను. ఎండ ఆమె వీపుపైకి ప్రాకెను. ఆమె పాదములను విడువలేదు. తుదకు విశ్వంభర దేవుగారు మొగము ప్రక్కకు త్రిప్పుకొని "క్షమించితిని" అనిరి.

ఆమె ఆనందముతో కన్నులొత్తుకొని లేచిపోయెను. అపరాధి నిరపరాధిని క్షమింపవలసిన గతి పట్టెను. లోకమున శిక్షలు పెక్కు గలవు గాని ఇంతకు మించిన శిక్షను ఏ న్యాయస్థానమును విధింపజాలదు.