ఇటు చూడండి మామయ్యా

మా మామయ్యగారికి తాగుడు లేదు, పేకాట లేదు. కూరలో ఉప్పు తగ్గితే పక్కింటికి వినబడేలా చెప్పరు కూడా. ఆయనకున్న దురలవాటు ఒక్కటే. కెమెరా కనబడగానే పక్కకి చూస్తారు.

మామయ్య శౌరిగారంటే ఒకప్పుడు జూనియర్ ఆర్టిస్టుల్లో పాతకాపు. నలభై ఏళ్ళు సినిమాల్లో గుంపులో నిలబడ్డారు. పెళ్ళిలో బంధువు, కోర్టులో జనం, రైల్వే ప్లాట్‌ఫారం మీద కూలీ. హీరోని చూడు, శవాన్ని చూడు, ఆకాశంలోకి చూడు, లెన్సులోకి మాత్రం చూడకు. వాళ్ళకి మొదట నేర్పేది అదే. చూస్తే షాట్ పోతుంది, షాట్ పోతే పని పోతుంది. ఆధార్ సెంటర్లో ఆయన ఫోటో నాలుగుసార్లు తీశారు. కార్డు మీద ఇప్పటికీ పక్కనున్న వాళ్ళని పలకరించబోతున్నట్టే ఉంటారు.

ఇలాంటి ఇంట్లో నేను ఫోటోగ్రఫీ మొదలుపెట్టాను. మా ఆయన బ్లెస్సన్, తను పనిచేసే డబ్బింగ్ స్టూడియోలో మూలపడున్న పాత కెమెరా తెచ్చి, "బీకాం చదివావుగా, బటన్లు నువ్వే కనిపెట్టు" అని చేతిలో పెట్టాడు. మొదటి నెల కరివేపాకు తీశాను. కుక్కరు తీశాను. ఫిల్మ్‌నగర్‌లో మా బస్తీ మెట్ల మీంచి ఎదురుకొండ మీద బంగళాలు తీశాను. బంగళాలు బాగా వచ్చాయి. అవి ఎవరు తీసినా బాగానే వస్తాయి. యూట్యూబ్‌లో పాఠం చెప్పే ఆవిడ, ఇక మనుషుల్ని తియ్యండి అంది. ఇంట్లోవాళ్ళని కిటికీ వెలుగులో కూర్చోబెట్టండి, కళ్ళ మీద ఫోకస్ పెట్టండి అంది.

అప్పటికి మా అత్తయ్య సత్యవతి ఆసుపత్రి నుంచి వచ్చి వారమైంది. రెండు కిడ్నీలూ పనిచెయ్యడం మానేశాయి. డయాలసిస్‌కి గుండె తట్టుకోదన్నారు. ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టమన్నారు. ఆ మాట విన్నాక ఆవిడకి ఇష్టమైనవేవీ లేకుండా పోయాయి, ఒక్కటి తప్ప.

"సోఫీ, ఆయనా నేనూ కలిసి ఒక్క ఫోటో తియ్యవే. ఇద్దరం ఎదురుగా చూస్తూ."

"మీ పెళ్ళి ఫోటో ఉండాలిగా అత్తయ్యా?"

"తొమ్మిది ఇళ్ళు మారాం. ఎందులో పోయిందో. సినిమాల్లో ముప్పై పెళ్ళిళ్ళకి వెళ్ళుంటాం ఇద్దరం. ఒక్కదాంట్లోనూ మా మొహాలు లేవు. లడ్డూలు కూడా థర్మాకోల్‌వి."

అత్తయ్య కూడా జూనియర్ ఆర్టిస్టే, ఇరవయ్యారేళ్ళ క్రితం దాకా. ఒక కోర్టు సీన్లో మూడొందలమంది జనం, క్రేన్ మీద కెమెరా. పొద్దున్నుంచి కుదరని షాట్ కుదిరిందనుకునేసరికి ఎవరో లెన్సులోకి చూశారు. రెండో వరస, ఎడమవైపు అని పైనుంచి అరిచారు. అక్కడ అత్తయ్యా మామయ్యా పక్కపక్కనే ఉన్నారు. అసిస్టెంట్ డైరెక్టర్ వేలు అత్తయ్య మీదికి వెళ్ళింది. మర్నాటి నుంచి ఏజెంటు ఆవిడకి కబురు పెట్టలేదు. ఆ తర్వాత జూబ్లీహిల్స్ బంగళాల్లో గిన్నెలు తోమింది. నేను కాపురానికొచ్చిన పన్నెండేళ్ళలో ఈ కథ వందసార్లు విన్నాను. "నేను చూడలేదు" అని ఆవిడ. "పోనిద్దూ సత్యా, ఒక్కోసారి మనకి తెలీకుండానే చూస్తాం" అని ఆయన.

సరే, మంచం కిటికీ దగ్గరికి జరిపాం. అత్తయ్య దిండుకి ఆనుకుంది, పక్కన మామయ్య.

"మామయ్యా, ఇటు. ఈ గాజులోకి చూడండి."

"చూస్తున్నానమ్మా."

"మీరు చూస్తున్నది ఫ్రిజ్జుని."

జావ పట్టుకొచ్చిన పక్కింటి మనోజ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంది తాతా, గట్ల ఫ్రిజ్ దిక్కు సూస్తవ్? జర ఇటు సూడు. పెండ్లిసూపులా ఏంది, సిగ్గుపడనీకి?"

అత్తయ్య నవ్వింది. నేను బటన్ వెతుక్కునేలోపు ఆ నవ్వు అయిపోయింది.

మూడు రోజుల్లో నూటపద్నాలుగు ఫోటోలు తీశాను. అత్తయ్య అన్నిట్లోనూ ఎదురుగానే చూసింది, రోజురోజుకీ ఉబ్బుతున్న మొహంతో. మామయ్య ఫ్రిజ్జుని, క్యాలెండర్ని, గుమ్మాన్ని చూశారు. చెప్పకుండా తీద్దామని వంటింట్లోంచి గురిపెట్టాను. లెన్సు ఎటుందో ఆయన మెడకి తెలిసిపోతుంది. అటు తిరిగి కూర్చున్నారు.

నాలుగో రోజుకి అత్తయ్య మాట ముద్దగా వస్తోంది. ఎక్కువసేపు మగతలోనే ఉంటోంది. కాస్త తెలివొచ్చినప్పుడు మామయ్య భుజానికి ఆనించి కూర్చోబెట్టాను. రేపు కూర్చోగలదని నాకు నమ్మకం లేదు. ఆవిడకీ లేదు.

"ఎందుకండీ అంత భయం?" అంది. "ఏజెంటు లేడు, షాటూ లేదు. తీసేది కోడలు."

"రావట్లేదే సత్యా. మెడ తిరగట్లేదు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని కెమెరా దించబోయాను.

"పోన్లెండి," అంది. "ఆరోజు నేనే చూశానేమో. ఇన్నేళ్ళుగా మీరు చెప్తూనే ఉన్నారు. నేనే ఒప్పుకోలేదు. నేనే చూసుంటాను."

ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మామయ్య తల తిప్పారు. ఆవిడ వైపు తిప్పలేకపోయారు. నా వైపు తిప్పారు, సూటిగా లెన్సులోకి. రెండు కళ్ళూ దొరికాయి, ఫోకస్ పడింది. నా వేలు కదల్లేదు.

"నువ్వు కాదు సత్యా," అన్నారు, కెమెరాతో చెప్తున్నట్టే. "చూసింది నేను. నీ మీదికి వేలు పోతే నోరు మూసుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చి, నువ్వే చూశావని నీకే నమ్మబలికాను. తప్పు నాది."