పక్కకు జరిగిన సింహాలు

కాపురానికి వచ్చిన నాలుగో రోజున ఎలిజబెత్ మొదటిసారి ఒంటరిగా బెజవాడ బజారుకు వెళ్లింది. వంకాయలూ గోంగూరా కొనుక్కుని వచ్చేసరికి మామగారు శౌరయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ.

"మిగిలిన చిల్లర ఓసారి ఇలా ఇస్తావా అమ్మా" అన్నాడు.

ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వెలుతురుకేసి తిరిగి, ఒక్కొక్క బిళ్లనూ రెండువైపులా చూసి, మొత్తం మళ్లీ ఆమె చేతిలోనే పోశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఎలిజబెత్ మనసు చివుక్కుమంది. చల్లపల్లిలో పుట్టింటి బీరువా తాళాలు ఆమె దగ్గరే ఉండేవి. నాన్న ఏనాడూ లెక్క అడిగి ఎరగడు. భర్త బాలశౌరితో చెబుదామా అంటే, అతను కొండపల్లి దగ్గర కడుతున్న థర్మల్ స్టేషన్ పనికి పొద్దున్నే బస్సెక్కి, ఒళ్లు హూనం చేసుకుని ఇంటికొచ్చేవాడు. వచ్చి పది రోజులైనా కాకుండానే మామగారి మీద చాడీలు చెప్పిందనిపించుకోవడం ఇష్టంలేక ఊరుకుంది.

ఒకరోజు కొన్నవన్నీ కాగితం మీద ధరలతో సహా రాసి, చిల్లరతోపాటు ఇచ్చింది. ఆయన కాగితం పక్కన పెట్టేసి బిళ్లలే చూశాడు. రాసింది కూడా నమ్మడన్నమాట, అనుకుంది.

అప్పటి నుంచి చిల్లర మిగలకుండా కొనడం మొదలుపెట్టింది. పది పైసలు మిగిలితే కొత్తిమీర, ఐదు మిగిలితే కరివేపాకు. "ఏం మిగల్లేదండీ మావయ్యగారూ" అంటే ఆయన "ఓహో" అని కళ్లజోడు తీసి జేబులో పెట్టుకునేవాడు. వారం తిరిగేసరికి ముసలాయన దిగాలుపడ్డాడు. పచ్చడి ఎంత బాగా కుదిరినా రెండో ముద్ద కలుపుకోవడం లేదు.

అలా ఉండగా ఒక ఉదయం గుడ్లమ్మే సయీదా ఇచ్చిన పది పైసల బిళ్లను కరివేపాకు అమ్మేవాడు తిరగ్గొట్టాడు. "ఇది చెల్లదమ్మా."

ఎలిజబెత్ తేరిపార చూసింది. సింహాల బొమ్మ సగం అంచు దాటిపోయింది. రెండోపక్క నెలవంకంత మేర బోసిగా ఉంది. మార్చుకుందామని వెనక్కి వెళ్తే సయీదా అప్పటికే గంప సర్దుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి, మామగారు అడగకముందే ఆ బిళ్లను ఆయన ముందు పెట్టింది.

"చెల్లని డబ్బులు తెచ్చాను. రోజూ ఇలా తనిఖీ చేసే కంటే రేపట్నుంచి బజారుకి మీరే వెళ్లండి మావయ్యగారూ. నా మీద నమ్మకం లేనప్పుడు..."

శౌరయ్యకు ఆ మాటలు చెవికెక్కలేదు. బిళ్లను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "ఎక్కడిదమ్మా ఇది? బొమ్మ ఇంతగా పక్కకి జరిగింది నా దగ్గర ఒక్కటీ లేదు" అంటూ తల ఎత్తాడు. అప్పుడు గానీ కోడలి కళ్లలో నీళ్లు కనబడలేదు.

"నేను లెక్క చూస్తున్నాననుకున్నావా అమ్మా?"

ఆమె తల దించుకుంది.

ఆయన లోపలికి వెళ్లి రేకు పెట్టె తెచ్చాడు. పాత టికెట్ కాగితాల్లో పొట్లాలు కట్టిన బిళ్లలు, నలభై దాకా ఉంటాయి. ఒక్కొక్కటే విప్పాడు.

"టంకశాలలో ముద్ర పడే వేళకి బిళ్ల సరిగ్గా కూచోకపోతే బొమ్మ ఇలా పక్కకి జరుగుద్ది. బస్సులో ఎవరో ముసలావిడ ఇచ్చేది. చెల్లదంటే దిగిపోవాలి గదా. నా జేబులోంచి మంచి బిళ్ల టికెట్ల సంచీలో వేసి, ఇది నేనుంచుకునేవాణ్ణి. అట్టా అలవాటైంది." విప్పిన పొట్లం ఒకటి మళ్లీ మడిచాడు. "మీ అత్తయ్య బజారు నుంచి రాగానే చిల్లరంతా నా ముందు పోసేది. ఇద్దరం కూచుని ఏరేవాళ్లం. ఆవిడ పోయిన ఐదేళ్లకి నువ్వు చిల్లర పట్టుకుని గుమ్మంలోకొచ్చావు. అడిగేశాను. ఎందుకో చెప్పాలని తోచలేదు. తప్పు నాదేనమ్మా."

ఎలిజబెత్ కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక పొట్లం విప్పింది.

"ఇదేంటండీ, అంచు కొరికినట్టుంది?"

"తెగిన చోట అక్షరం చూడు. టంకశాలలోనే రేకు తక్కువై పుట్టిందైతే అక్షరం అంచు దాకా వచ్చి పలచబడుద్ది. ఎవరైనా కత్తెరేస్తే నిలువునా తెగుద్ది. మోసపోకూడదు."

ఆమె బిళ్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. అక్షరం పలచబడే ఉంది.

తరువాతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక బాలశౌరి ఆకలితో వంటింట్లోకి తొంగిచూశాడు. పొయ్యి మీద అన్నం ఉడికి ఉంది, మనిషి లేదు. అరుగు మీద మామా కోడలూ ఒక ఐదు పైసల బిళ్ల మీద తలలు వంచి ఉన్నారు.

"ముద్ర పడకుండా వచ్చిందే ఇది" అంటున్నాడు శౌరయ్య.

"కాదండీ. ఎవరో రైలు పట్టా మీద పెట్టారు. చూడండి, ఎంత వెడల్పయిందో."

"అన్నం పెడతారా లేదా?" అన్నాడు బాలశౌరి.

"ఉండరా, అమ్మాయితో మాట్లాడుతున్నా" అన్నాడు తండ్రి, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఆ ఇంట్లో తండ్రి అన్ని మాటలు వరసగా మాట్లాడటం విని బాలశౌరికి చాలాకాలమైంది. అతను లోపలికి వెళ్లి మూడు కంచాల్లో అన్నం పెట్టుకుని, అరుగు మీదికే తీసుకొచ్చాడు.