శుక్రవారం పొగ

మరో మొగ్గ పసుపురంగుకు తిరిగి నేల మీద రాలిపడి ఉంది. జయమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకొని మగ్గం గుంత అంచున కూలబడింది. మొక్కకు ఇంకా రెండే మిగిలాయి.

ఆ మొక్కను ఆమె భర్త రంగప్ప బెంగళూరు పూల ప్రదర్శనలో కొన్నాడు. చీరల షావుకారు అక్కడ ఒక ఆర్కిడ్ పువ్వును చూపించి, "ఈ రంగు కొంగులో తెస్తే ఏడాదంతా నీ మగ్గానికే పని. లేదంటే ఇంకొకర్ని చూసుకుంటా" అన్నాడు. అప్పటికే మగ్గం ఖాళీగా ఉంది. ఈ పని కూడా పోతే దాన్ని అమ్ముకొని, ధర్మవరంలో ఇంకెవరి మగ్గం మీదనో కూలికి కూర్చోవాలి. పట్టుకు రంగులద్దే నబీసాబ్, పువ్వు కళ్ల ముందుంటే తప్ప రంగు కుదరదంటాడు. పూసిన మొక్కలన్నీ అమ్ముడుపోయాయని రంగప్ప మొగ్గల మొక్కనే తెచ్చాడు.

రైలు హిందూపురం, పెనుకొండ దాటేసరికి వడగాలికి ఆకులు వాలిపోయాయి. అమ్మినవాడు చెప్పినట్టే మట్టి పెట్టకుండా, కొబ్బరిపీచు, బొగ్గుముక్కలతోనే మగ్గం గదిలో వేలాడదీశారు. ఇంట్లో చల్లగా, తేమగా ఉండేది అదొక్కటే. ఆకులు తేరుకున్నాయి. మొగ్గలే నిలవడం లేదు.

"దిష్టి. ఊరంతా వచ్చి చూసిపోతాండారు కదా" అంది అత్త హనుమంతమ్మ. "శుక్రవారం పొగ చాలదు. రోజూ మగ్గంతో పాటు దానికీ ఎయ్యి."

జయమ్మ వేసింది. తలుపులు మూసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, మొక్క చుట్టూ తిప్పి, కళ్లు మండుతున్నా అక్కడే నిలబడి మొక్కింది. ఇంకో మొగ్గ రాలింది.

రంగప్ప దాన్ని గోటితో చీల్చి చూశాడు. లోపల ఏ రంగూ లేదు. "రేపు ఎవురి వాకిట్లో నిలబడల్లో నువ్వే చెప్పు" అన్నాడు.

మరునాడు అత్త పెనుకొండలో కూతురింటికి పోయింది. ఆ రోజే జయమ్మ బయట చేరింది. వసారాలో చాప మీద కూర్చొని, కిటికీలోంచి ఆ ఒక్క మొగ్గనే చూసింది. పొగ వేసేవాళ్లు లేరు. ఇప్పుడు రాలుతుంది, ఇంకాసేపట్లో రాలుతుంది అనుకుంటూ ముద్ద మింగలేకపోయింది. మొగ్గ రాలలేదు. శనగగింజంత ఉన్నది మూడు రోజుల్లో చింతపిక్కంత అయింది.

తలకు పోసుకొని మళ్లీ సాంబ్రాణి వేసిన సాయంత్రమే దాని నిగారింపు పోయింది. తొడిమ కొద్దిగా వాలింది.

జయమ్మ చేతిలోని నిప్పుల మూకుడు వైపు చూసింది. అన్నిటినీ తనే రాల్చిందా? తలుపులన్నీ తెరిచి, చేటతో పొగను బయటికి విసిరింది. చేతులు పడిపోయేదాకా విసిరింది. కిటికీకి తడి గోనెసంచి కట్టింది.

శుక్రవారానికి అత్త తిరిగొచ్చింది. నిప్పుల మూకుడుతో గది దగ్గరికి వస్తే జయమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"పక్కకు జరుగు."

"వొద్దత్తా. పొగకే రాలుతాండాయి."

"అయితే దాన్నే బయట పెట్టు."

"ఈ వడగాలికి బతుకుతాదా?"

"మీ మామ ఉన్నప్పటి నుంచి మగ్గానికి పొగ తప్పలా. పువ్వుకు కాపలా కాసి మగ్గాన్ని పొగ లేకుండా ఎండబెడతావా? ఈ బుద్ధి యాడ నేర్చినావే?"

"ఇది కూడా పోతే మగ్గమే ఉండదు కదత్తా!"

హనుమంతమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఏమప్పా, నోట్లో దారం పెట్టుకోనుండావా?"

రంగప్ప గుంతలోంచి లేవలేదు. ఖాళీ మగ్గం మీద చేతులు ఆనించి, "ఈ ఒక్క వారం వొద్దులేమ్మా" అన్నాడు.

ముసలామె మూకుడుతో వీధిలోకి దిగి, ఎదురింటి అరుగు దాకా పోయింది. కొంగు ఎత్తి గాలి ఎటు వీస్తుందో చూసుకొని, అక్కడి నుంచే మగ్గం వైపు పొగ చూపించింది. కళ్లు తుడుచుకుంటూనే చూపించింది.

మర్నాడు ఉదయానికి మొగ్గ తొడిమకే ఉంది. కొన దగ్గర చీలి, దారమంత ఊదారంగు కనిపిస్తోంది. ఊపిరి తగిలినా రాలుతుందేమోనని జయమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని భర్తను లేపింది.

"నబీసాబును ఈడికే పిల్చుకోని రా. బీడీ ఆర్పేసి రమ్మను."