తొమాసా ఒప్పుకోని తప్పు

ఊరి నీళ్ల ట్యాంకులో క్లోరిన్ వేసే వంతు ఆ సోమవారం తొమాసాది. ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకోవడం ఆ కొండ ఊళ్లో ఎప్పటినుంచో ఉన్నదే. మంగళవారం మధ్యాహ్నానికి పదకొండుమంది పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. ఇంకేముంది, మైకులో తొమాసా పేరు పిలిచారు.

బంగాళదుంప మూటలు తూచే చోట జనం గుమిగూడారు. ఎవరో పెట్రోలు డబ్బా కూడా తెచ్చారు. అది తనను కాల్చడానికేనని తొమాసాకు చూడగానే అర్థమైంది.

"పాటలు పాడే నోరు, ప్రార్థన చేసే చేతులు! ఆ చేతుల్తోనే మా పిల్లలకు విషం పెట్టింది" అని అరిచింది పెట్రోనా. ఆమె కొడుకూ ఆసుపత్రిలోనే ఉన్నాడు.

తప్పు చేసినవాళ్లు పదిమందిలో మోకరించి క్షమించమంటే, ఊరిపెద్ద తొమ్మిది బెత్తం దెబ్బలు కొట్టించి వదిలేస్తాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. ఒప్పుకోకుండా మొండికేసినవాళ్లను మాత్రం ఆ పెద్ద కూడా కాపాడలేడు.

"ఒప్పేసుకోవే తల్లీ, తొమ్మిది దెబ్బలతో పోతుంది. నింద వేసినప్పుడు ప్రభువు మాత్రం నోరెత్తాడా?" అని ప్రార్థనామందిరంలో పక్కన కూర్చునే హువానా ఆమె చెవిలో గొణిగింది.

తొమాసా మోకాళ్లు వంగాయి కూడా. అయ్యా, ఆమెను వంచింది భక్తి కాదు, ప్రాణభయం. అది ఆమెకే తెలిసి సిగ్గేసింది. చేయని పాపం ఒప్పుకుంటే అబద్ధమాడినట్టే కదా! పైగా విషం ఎక్కడిదో తేలక, రేపు ఇంకో పసివాడు ఆ నీళ్లు తాగితే? నోరెత్తలేదన్న ఆ ప్రభువు కూడా విచారణలో తనను చెంపమీద కొట్టినవాణ్ణి ఎందుకు కొట్టావని అడిగాడు.

"తాతా" అంది ఊరిపెద్ద బర్తోలోతో, లేచి నిలబడి. "నేను ఎప్పటిలాగే గిన్నెడు క్లోరినే వేశా. నా మాట నమ్మొద్దు, ట్యాంకు దగ్గరికి పోయి చూద్దాం. కావాలంటే చేతులు కట్టేసి తీసుకుపోండి."

"పారిపోయే ఎత్తు!" అన్నాడొకడు.

"చేతులు కట్టమంటోంది కదరా, ఎలా పారిపోతుంది?" అని విసుక్కున్నాడు బర్తోలో.

తాళ్లతో కట్టి ఆమెను కొండెక్కించారు. ట్యాంకులోకి నీళ్లు వచ్చే కాలవ పక్కన పురుగుమందు సీసా ఖాళీగా పడి ఉంది. ఆ కాలవకు పైనున్న చేను ఒక్కటే, అది పెట్రోనా మొగుడు అన్సెల్మోది.

"స్ప్రేయరు కడిగానంతే... ట్యాంకు దాకా పోతుందనుకోలేదు" అన్నాడతను. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెట్రోలు డబ్బా అతని వైపు కదిలింది.

తొమాసాకు ఒక్క క్షణం హాయిగానే అనిపించింది. దాచడమెందుకు, ఆమె కూడా మనిషే కదా! మరుక్షణం అన్సెల్మో ఆ డబ్బాను ఇందాక తను చూసినట్టే చూడడం కనిపించింది. కట్టిన చేతులతోనే వెళ్లి అతని ముందు నిలబడింది.

"ముందు ఆ సీసా ఆసుపత్రికి పంపండి! ఏ మందో డాక్టరుకు తెలిస్తేనే పిల్లలు బతుకుతారు. నేను చెప్పేది విన్నారు, ఇతను చెప్పేదీ వినండి. మీరు ఇతన్ని కాలుస్తుంటే నేను చూస్తూ ఊరుకుంటే, మీకూ నాకూ తేడా ఏముంది తాతా?"

బర్తోలో సీసా అందుకుని ఇద్దరు కుర్రాళ్లకిచ్చి ఆసుపత్రికి పరుగెత్తించాడు, పెట్రోలు డబ్బాను వెనక్కి పంపించేశాడు. పెట్రోనా ఏడుస్తూ తొమాసా తాళ్లు విప్పబోతే ముడి రాలేదు, చివరికి బర్తోలోనే విప్పాడు.

"వినండర్రా" అన్నాడు. "నింద పడ్డప్పుడు ప్రాణం కోసం చేయని తప్పు ఒప్పుకోవద్దు, నింద తొలగాక కసి కోసం ఇంకొకరి ప్రాణం తీయొద్దు."